గదిలో ఐదో మనిషి

ఉప్పల్ రింగ్ రోడ్డు

ఉదయం ఆరూ ఇరవైకి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగుతుంటే నా ఎడమ చెప్పు తెగింది. తణుకులో ఎక్కినప్పుడు బాగానే ఉంది. సన్మానం చేయించుకోవడానికి ఇంత దూరం వచ్చిన మనిషి ఒక కాలు ఈడ్చుకుంటూ రోడ్డు దాటాడు.

సన్మానం నిజానికి నాకు కాదు, మా చెల్లెలు భారతికి. ఆమె నిరుడు చలికాలంలో పోయింది. పోయినవాళ్లకు శాలువా కప్పడం కుదరదు కనుక, ఇంటివాళ్లలో మిగిలిన నన్ను పిలిచారు. పిలిచినవాడు నరేందర్. ఒకప్పుడు భారతి దగ్గర ల్యాబ్‌లో పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు నాచారంలో చిన్న బ్యాటరీ కంపెనీ నడుపుతున్నాడు. భారతి ఉద్యోగకాలమంతా లిథియం బ్యాటరీలో వాడే ఒక నల్ల పొడి మీద గడిచింది. చూడటానికి కాటుకలా ఉంటుంది. వేడికి తట్టుకుంటుందని, మన ఎండలు చూసి చేసిందని చెప్పేది. సెలవులకు వచ్చినప్పుడు ఆ పొడి గురించి తప్ప వేరే మాట ఉండేది కాదు. నేను లైబ్రరీలో పనిచేసినవాణ్ని. వినడం అలవాటు కనుక విన్నాను. సగం అర్థమైంది.

ఆ పొడిని ల్యాబ్ నుంచి బజారుకు తేవడం నరేందర్ పెట్టుకున్న పని. ఆ బజారు నేను దిగిన చోటే ఉంది. రింగ్ రోడ్డు చుట్టూ రోజంతా తిరిగే ఆటోలే ఆ బజారు.

"మీరు ఒక్కసారి వచ్చి మేడం ఫోటో ముంగట నిలబడితే చాలు సార్, మాకు అదే మస్తు" అన్నాడు ఫోన్‌లో. ఇలాంటి మాటలు నాకు రుచించవు. అయినా వచ్చాను. ఆమె పొడి ఏమవుతోందో చూడాలనిపించింది.

మెట్రో స్టేషన్ కింద చెప్పులు కుట్టే ఆయన చెప్పును తిప్పి చూసి, "ఇది కుట్టుడు కాదు పెద్దాయనా, కొనుడే" అన్నాడు. కుట్టమని బతిమాలితే ముప్పై రూపాయలకు కుట్టి, "ఊరికి పోయేదాక నడుస్తది. ఉరుకకు" అని హెచ్చరించాడు. పక్క బండి మీద టిఫిన్ తిన్నాను. మేము మైసూర్ బజ్జీ అనేదాన్ని ఇక్కడ బోండా అంటారు. నాలుగు బోండాలు నలభై రూపాయలు. మా దగ్గర ఆ డబ్బుకు ఆరు వస్తాయి, కానీ ఇంత పల్లీ చట్నీ పొయ్యరు. అడగకుండానే రెండోసారి పోశాడు.

నరేందర్ పంపిన ఎలక్ట్రిక్ ఆటో వచ్చింది. డ్రైవర్ పేరు మల్లేశ్, ఆలేరు దగ్గరి ఊరు. చప్పుడు చెయ్యని ఆటో ఎక్కడం నాకు అదే మొదలు. వరంగల్ రోడ్డు మీద పైవంతెన కోసం వేసిన స్తంభాల వరుస చూపించి, "గవి లెక్కవెట్టుకుంట పోతె బోడుప్పల్ వస్తది సార్" అన్నాడు.

"ఈ ఆటోలో బ్యాటరీ నరేందర్‌దేనా?"

"యాడిది సార్! ఇది బయటిదేశం మాల్. మా సేటు పది ఆటోలు తిప్పుతడు. నరేందర్ సార్‌ది వస్తె పెడతమన్నడు. ఆ సారు రెండుసార్లు ఇస్తనన్నడు, రెండుసార్లు ఇయ్యలె. మూడోసారి ఇయ్యకుంటె దండం పెడత అన్నడు మా సేటు."

"మీకు ఏది కావాలి?"

"నాకేం ఫికర్ సార్? ఎవడు చేసిండు, ఏం పొడి పోసిండు, నాకెందుకు? ఏప్రిల్ నెలల మధ్యాహ్నం రెండుగొట్టంగ ఈసీఐఎల్ దాక పోయి రావాలె. మధ్యల ఆగొద్దు. గంతే."

భారతి ఎన్నో పరిశోధన పత్రాల్లో రాసిన విషయాన్ని మల్లేశ్ ఒక్క సవారీలో ముగించాడు.

నాచారం

నాచారం పారిశ్రామికవాడలో వాసనను బట్టి సందు గుర్తుపట్టవచ్చు. ఒక సందు బిస్కెట్ వాసన, తర్వాతి సందు మందుల వాసన, ఆ తర్వాత రబ్బరు. నరేందర్ కంపెనీకి ఏ వాసనా లేదు. రేకుల షెడ్డు, దాని లోపల గాజు కిటికీ ఉన్న తెల్లటి గది. అదే డ్రై రూమ్, తేమ లేని గది.

ఈ గది గురించి కొంచెం చెప్పాలి. లిథియం బ్యాటరీకి నీళ్లంటే పడదు. బ్యాటరీలో ఉండే ఒక్కో సెల్‌ను మూసేలోపు లోపలికి తేమ పోతే అక్కడ గ్యాస్ పుట్టి సెల్ ఉబ్బుతుంది. ల్యాబ్‌లో భారతి ఈ పనంతా గాజు పెట్టెలో చేసేది. పెట్టెకు అతికించిన రబ్బరు చేతితొడుగుల్లోకి బయటి నుంచి చేతులు దూర్చి, చొక్కా గుండీ అంత సెల్ చేసేది. ఆటోకు గుండీలు సరిపోవు. అరచెయ్యి అంత సెల్‌లు వందల్లో కావాలి. అంటే పెట్టె బదులు గది కావాలి. పెట్టెలోకి చేతులే పోతాయి, గదిలోకి మనుషులే పోవాలి. మనిషి ఊపిరిలో తేమ, చెమటలో తేమ. అందుకే గది ఎంతమందికి కడితే అంతమందే ఉండాలి. తేమ లాగే యంత్రం శక్తి అంతవరకే.

"ఇది నలుగురి గది సార్" అన్నాడు నరేందర్. నలభై దాటిన మనిషి, జనగామ వైపు. మాట మెత్తన. కిటికీ ముందు చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

లోపల ఎదురుగోడకు భారతి ఫోటో ఉంది. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నదాన్ని పెద్దది చేశారు. ఆమెకు ఆ ఫోటో అసలు నచ్చేది కాదు. దానికి పిడికిలంత లావు బంతిపూల దండ.

నేను చూస్తుండగా లోపలి నుంచి ఒకామె బయటకు వచ్చి, ఒంటి నిండా వేసుకున్న తెల్ల సూటు విప్పి, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని సెల్‌లకు చీటీలు అంటించడం మొదలుపెట్టింది. పేరు ఎస్తేరు, నల్లగొండ జిల్లా. షెడ్డులో అందరికన్నా పాత మనిషి, ఆమెకు భారతే ఇక్కడికి వచ్చి దగ్గరుండి పని నేర్పింది. లోపల నాలుగు కుర్చీల్లో మూడింటిలోనే మనుషులున్నారు.

"నాలుగో కుర్చీ?"

"అది... ఇప్పటికి ముగ్గురితోనే నడిపిస్తున్నం సార్" అని నరేందర్ మాట మార్చాడు.

సన్మానం పదిన్నరకు జరిగింది. నాకు శాలువా కప్పి, నా మెడలో కూడా ఒక బంతిపూల దండ వేశారు. తడి దండ, మెడ మీద నీళ్లు కారాయి. కార్యక్రమమంతా ఆ గదికి దూరంగా, గేటు దగ్గర జరిపారు. ఎండలో ఎందుకని అడిగితే, "పూలు, జనం, అక్కడ వద్దు సార్" అన్నాడు నరేందర్. అప్పటికి నాకు ఏమీ తట్టలేదు.

తర్వాత తన గదిలో రెండు సెల్‌లు చూపించాడు. ఒకటి పలచగా, వెండి రేకులా ఉంది. రెండోది నూనెలోంచి తీసిన పూరీలా పొంగి ఉంది.

"రెండు బ్యాచ్‌లు ఇట్లనే పోయినయి. సోమవారం మూడోది. ఇది గూడ ఉబ్బితే సెల్లు చేసుడు బందు వెడత. బయటి సెల్లు తెచ్చి ప్యాకులు కట్టి అమ్ముకుంట. షెడ్డు నడుస్తది, జీతాలు నడుస్తయి. మేడం పొడి మాత్రం..." అని మూలనున్న నీలం డ్రమ్ముల వైపు చూశాడు. "వాపస్ ల్యాబ్‌కే."

నేను డ్రమ్ముల వైపు చూశాను. వాటి మీద నంబర్లు వేసింది భారతే. ఆమె ఏడును అడ్డగీత పెట్టి రాస్తుంది.

బోడుప్పల్

మర్నాడు పొద్దున బోడుప్పల్ వెళ్లాను. భారతి ఉన్న ఫ్లాట్‌లో ఇప్పుడు పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే దంపతులు అద్దెకుంటున్నారు. లోపలికి వెళ్లే పని లేదు, వెళ్లలేదు. వాచ్‌మన్ భార్య నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. "మేడం మంచిది సార్. కానీ మస్తు కోపం. వాన కాలం తడి గొడుగు లిఫ్ట్‌ల పెడితే నన్ను తిట్టేది" అంది. నవ్వొచ్చింది. తేమ మీద ఆమె యుద్ధం ఇంటిదాకా వచ్చిందన్నమాట.

పోయినవాళ్ల గురించి మా వైపు అంతా మంచే చెబుతారు. చెడ్డమాట ఉంటే మింగేస్తారు. ఇక్కడ రెండూ ఒకే వాక్యంలో చెబుతారు. నాకు ఇదే నయమనిపించింది. ఈ ప్రాంతం వాళ్లకు మొహమాటం లేదని, ఉన్నది ఉన్నట్టు మొహం మీద అంటారని నేను చాలాకాలంగా నమ్ముతూ వచ్చాను. తిరిగి వెళ్లి మా లైబ్రరీ మిత్రులకు చెప్పడానికి ఒక మాట దొరికిందనుకున్నాను. మధ్యాహ్నం వరకే నిలిచింది ఆ మాట.

మళ్లీ నాచారం

మధ్యాహ్నం షెడ్డులో అందరితో కలిసి తిన్నాను. ఎస్తేరు తన డబ్బాలోంచి నాకు పచ్చిపులుసు పోసింది. చింతపండు రసం మరిగించకుండా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి కలుపుతారు. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద అరగంట మరగాలి. "ఎండకు గిదే మంచిగుంటది, పొయ్యి ముంగట ఎవరు నిలబడతరు సార్?" అంది. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

తిన్నాక నరేందర్ నన్ను టీ కొట్టుకు తీసుకెళ్లాడు. టీ చల్లారింది. అతను గ్లాసును అటూ ఇటూ తిప్పుతున్నాడు. చివరికి నేనే అడిగాను, ఏమిటి సంగతని.

"సార్, ఏమనుకోవద్దు. ఆ దండ."

"దండకేమైంది?"

"కిలో ఉంటది సార్. పొద్దుగాల ఏస్తే సాయంత్రానికి అప్పడం లెక్క ఎండుతది. అండ్ల ఉన్న నీళ్లు ఎక్కడికి పోతయి? గదిలకే గద. నేను లెక్క చేసిన. ఆ దండ ఒక మనిషితో సమానం."

అప్పుడు అర్థమైంది. నలుగురి గదిలో నలుగురూ దండా కలిస్తే ఐదుగురు. యంత్రం లాగలేదు. కనుక ఒకరు బయటికి రావాలి. దండ రాలేదు, ఎస్తేరు వచ్చింది. నలుగురి పని ముగ్గురు చేస్తుంటే, మూతపడవలసిన సెల్‌లు వంతు కోసం తెరుచుకుని ఉంటున్నాయి. అంతసేపూ దండ ఆరుతోంది. నిరుడు ఈ గదిలోనూ గుండీ సెల్‌లే చేసినంతకాలం చెల్లిపోయింది. పెద్దవి మొదలుపెట్టాక చెల్లలేదు.

"తీసెయ్యరాదూ?"

"ఎస్తేరక్క తెస్తది సార్, రోజూ, ఉప్పల్ మార్కెట్ కెల్లి. మేడం అంటే పాణం ఆమెకు. నేనెట్ల చెప్పాలె?"

"ఫోటో బయట పెట్టండి."

"మేడంను బయట పెట్టిండు అంటరు సార్."

ఎవరంటారని అడగలేదు. అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

"అందుకే మిమ్మల్ని పిలిచిన" అన్నాడు తల వంచుకుని. "ఇంటోళ్లు చెప్తె వేరే. సన్మానం గూడ నిజమే సార్, ఉత్తగ కాదు. కానీ..."

గాలిలో తేమ సున్నాకు ఎంత దూరంలో ఉందో కొలిచే మీటరు ఈ మనిషి దగ్గర ఉంది. దండ బరువు తూచాడు, దాని నీళ్లు లెక్కగట్టాడు. ఆ తర్వాత ఒక ముక్క చెప్పడానికి గోదావరి జిల్లా నుంచి మనిషిని పిలిపించాడు. మా వైపు మొహమాటం భోజనాల దగ్గరే ఉంటుంది. వద్దంటూనే విస్తట్లో వేయించుకుంటాం. కడుపు నొప్పితో పోతుంది. మొహమాటంతో ఒక కంపెనీని ఇంతదాకా తేవచ్చని నాకు తెలియదు.

చెబుతానని అతనికి మాటిచ్చాను. ఉప్పల్ లాడ్జికి తిరిగి వస్తుంటే, చెప్పడం నాకూ అంత తేలిక కాదని తెలిసింది. భారతిని రేషన్ కార్డులో తీసేశారు. బ్యాంకులో తీసేశారు. ఓటర్ల జాబితాలోంచి నేనే దరఖాస్తు పెట్టి తీయించాను. ఆమెను ఇంకా ఒక మనిషిగా లెక్కవేస్తున్న చోటు నాకు తెలిసి ఆ గది ఒక్కటే. ఆమె వంతు ఊపిరిని ఒక యంత్రం రోజూ లాగుతోంది. దాన్ని ఆపమని నేను చెప్పాలి. ఆపకపోతే ఆమె పొడి డ్రమ్ముల్లోనే ఉండిపోతుంది. మా చెల్లిని అడిగితే ఏమంటుందో నాకు బాగా తెలుసు. తడి గొడుగు సంగతి పొద్దున్నే విన్నాను. తెలిసినంత మాత్రాన పని తేలిక కాలేదు.

శనివారం

మూడోరోజు పొద్దున ఎస్తేరు స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాను. దండ అప్పుడే లోపల వేసి వచ్చింది.

"అమ్మా, ఆ దండ..."

"మంచిగ లేదా సార్? ఎండకాలం బంతి గట్లనే సన్నగుంటది."

"బాగుంది. రేపటి నుంచి వద్దమ్మా. అందులో నీళ్లుంటాయి కదా, సెల్‌లకు..."

ఆమె చీటీ అంటించడం ఆపి నన్ను చూసింది.

"నీళ్లుంటయని నాకు తెల్వదా సార్? మేడమే నేర్పిచ్చింది. తలల పువ్వు పెట్టుకొనొస్తె గేటు కాడనే తీపిచ్చేది. అందుకే గద నేను ఈడ కూసున్న. దండ లోపల, నేను బయట."

"మరి తెలిసీ ఎందుకు వేస్తున్నావు?"

"సార్ మొక్కుతడు గద!" అంది గొంతు తగ్గించి. "రోజూ పొద్దుగాల చెప్పులిడిచి దండం పెడతడు. పువ్వు లేకుంటె ఆయన మనసుల ఏమైతదో అని."

"ఆయన నువ్వు బాధపడతావని ఊరుకున్నాడు."

"నేనా!"

చేతిలో ఉన్న సెల్‌ను బల్ల మీద పెట్టింది.

"మాది చర్చి సార్. ఇంట్ల ఫోటోలకు దండ ఎయ్యం. మా అమ్మ ఫోటోకే ఎయ్యలె, పాస్టర్ గారు ఒప్పుకోరు. మేడం పోయిన నాడు ఒక్కసారి ఏసిన. అందరు తెచ్చిన్రు, నేను గూడ తెచ్చిన. మర్నాడు నరేందర్ సార్ ఫోటో దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. దండ ఏది అని అడుగుతున్నడేమో అనుకున్న. ఉరికి పోయి కొనుక్కొచ్చిన. గప్పటి సంది తెస్తనే ఉన్న."

నరేందర్‌ను పిలిచాను. వచ్చి విషయం విన్నాడు.

"అక్కా, నువ్వు ఫీలైతవని..."

"నేను ఫీలైతె సెల్లు ఉబ్బుతదా సార్? పువ్వుంటె ఉబ్బుతది! మేడం ఉంటె ఇద్దర్ని గేటు కాడ నిలవెట్టి తిట్టకపోయేదా?"

"తిట్టేది" అన్నాడు నరేందర్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎస్తేరు వెంటనే, "ఆ కండ్ల నీళ్లు గూడ బయటనే తుడ్సుకోని లోపలికి రా" అంది. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భారతి పోయాక ఆమె గురించి నలుగురిలో నవ్వడం నాకు అదే మొదటిసారి.

ఎస్తేరు సూటు తొడుక్కుని లోపలికి వెళ్లింది. దండ తీసేముందు ఫోటో ముందు ఒక నిమిషం నిలబడింది. ప్రార్థన చేసిందో, ఊరికే నిలబడిందో గాజులోంచి తెలియలేదు. దండను పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా ముడివేసి, గది తలుపు దగ్గర బయటి వాళ్లకు అందించింది. ఆమె మళ్లీ బయటకు రాలేదు. నాలుగో కుర్చీలో కూర్చుంది.

దండను ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పారెయ్యడానికి అందరూ వెనకాడారు. నన్ను రింగ్ రోడ్డు దగ్గర దింపడానికి వచ్చిన మల్లేశ్, "నాకియ్యుండ్రి సార్, తాజాగున్నయి" అని తీసుకుని ఆటో ముందు అద్దానికి కట్టాడు. భారతి పొడికన్నా ఆమె దండ ముందు బజారుకు వెళ్లింది. ఉప్పల్ దాకా పూల రేకులు ఎగిరి నా ఒళ్లో పడుతూనే ఉన్నాయి. దిగేటప్పుడు మల్లేశ్ డబ్బు తీసుకోలేదు. "మూడోసారన్న ఇస్తడా సార్?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను.

తణుకు

వచ్చిన రెండు వారాలకు నరేందర్ ఫోన్ చేశాడు. మూడో బ్యాచ్‌లో సెల్‌లు ఉబ్బలేదు. అయినా అన్నీ బాగా రాలేదట, కొన్ని వేరే కారణానికి పోయాయట. ఆ కారణం పది నిమిషాలు చెప్పాడు. నాకు అలవాటే కనుక విన్నాను, సగం అర్థమైంది. మిగిలినవి రెండు ప్యాకులకు సరిపోయాయి. సేటు వాటిని రెండు ఆటోలకు పెట్టాడు. అందులో ఒకటి మల్లేశ్‌ది. మధ్యాహ్నపు ఎండలో ఈసీఐఎల్ దాకా పోయి వచ్చిందట. "ఇంక ఎనిమిది కావాలంటున్నడు సార్" అన్నాడు. ఆ ఎనిమిదీ సరిగ్గా వస్తాయని ఎవరూ చెప్పలేరు. నీలం డ్రమ్ముల్లో ఒకటి మాత్రం ఖాళీ అయింది.

"ఎస్తేరు ఎలా ఉంది?" అని అడిగాను.

"లోపల ఉంది సార్, పనిల ఉంది. బయటికొచ్చినంక మాట్లాడిపిస్త" అన్నాడు.

ఆ గదిలో ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు. భారతి ఫోటో గోడకే ఉంది. దానికి దండ వెయ్యడం లేదు.